వినపడకపోవడం వేరు, లేకపోవడం వేరు

భూకంప శాస్త్రానికి ధారాళంగా నిధులు తెచ్చిపెట్టినవి భూకంపాల కంటే అణుబాంబులే. భూగర్భంలో రహస్యంగా జరిపే అణుపరీక్షలను పసిగట్టడం సాధ్యమా అన్న ప్రశ్నపై 1958లో ఉభయ కూటముల నిపుణులు జెనీవాలో సమావేశమయ్యారు. 1960లలో అమెరికా వందకు పైగా కేంద్రాలతో ప్రపంచవ్యాప్త భూకంప నమోదు వ్యవస్థను నిర్మించింది. కర్ణాటకలోని గౌరీబిదనూరులో బ్రిటన్ సహకారంతో మన అణుశక్తి సంస్థ నెలకొల్పిన కేంద్రం కూడా ఆ దశాబ్దపు సంతానమే.

ఆ శాస్త్రమే గ్రహాంతరాలకూ చేరింది. కంపనాల నుంచి పుట్టే తరంగాలు గట్టి రాతిలో ఒక వేగంతో, ద్రవంలో మరొక వేగంతో సాగుతాయి. కొన్ని ద్రవంలోకి అసలు చొరబడలేవు. అవి ఎప్పుడు, ఎలా వచ్చి చేరాయో చూసి గ్రహం లోపలి పొరలను లెక్కగట్టవచ్చు. 1969 నుంచి 1972 వరకు అపోలో యాత్రికులు చంద్రుడి నేల మీద తమ చేతులతో అమర్చిన పరికరాలు వేలాది కంపనాలను నమోదు చేశాయి. ఖర్చు తగ్గించుకునేందుకు 1977 సెప్టెంబరు 30న వాటిని ఆపివేశారు.

అంగారకుడి విషయంలో పొదుపు ఆరంభంలోనే అడ్డుపడింది. 1976లో దిగిన రెండు వైకింగ్ నౌకల్లోనూ భూకంపమాపకాలున్నాయి. మొదటిదానిలో ప్రయాణంలో దెబ్బతినకుండా వేసిన బిగింపు ఊడిరాక పరికరం పనిచేయలేదు. రెండోది పనిచేసింది. అయితే దాన్ని నేల మీద కాక నౌక పైభాగాన అమర్చారు. నేలపైకి దించే ఏర్పాటుకు బరువూ ఖర్చూ పెరుగుతాయి మరి. ఫలితంగా గాలి వీచినప్పుడల్లా నౌక ఊగింది, పరికరం ఆ ఊపునే రాసిపెట్టింది. కంపనమేమో అనిపించిన ఒక సంకేతం దొరికినా, ఆ సమయానికి గాలి వేగం కొలతలు లేకపోవడంతో అదీ తేలలేదు.

తరువాతి నాలుగు దశాబ్దాల్లో అక్కడ విజయవంతంగా దిగిన ఏ నౌకా భూకంపమాపకాన్ని మోసుకెళ్లలేదు. రష్యా పంపదలచిన పరికరాలు 1996 నవంబరులో ప్రయోగం విఫలమై భూమి మీదే కూలిపోయాయి.

2012లో నాసా ఇన్‌సైట్ యాత్రను ఎంపిక చేసింది. భూకంపమాపకం బాధ్యత ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థది. 2016 మార్చిలో ప్రయోగించవలసి ఉండగా, 2015 డిసెంబరులో ఆ పరికరపు శూన్యపేటికలో లీకు బయటపడింది. అంగారకుడికి దారి అనుకూలించేది సుమారు 26 నెలలకొకసారి. లోపాన్ని కప్పిపుచ్చి పంపే బదులు ప్రయోగాన్ని వాయిదా వేశారు; అదనంగా దాదాపు 15 కోట్ల డాలర్లు భరించారు.

2018 నవంబరు 26న నౌక దిగింది. డిసెంబరు 19న మరచేయి పరికరాన్ని నేల మీద ఉంచింది, ఆపై గాలి తగలకుండా గొడుగు వంటి కప్పు బోర్లించింది. 2019 ఏప్రిల్ 6న తొలి కంపనం నమోదైంది. 2022 డిసెంబరులో దుమ్ము కమ్మిన సౌరఫలకాలు విద్యుత్తు ఇవ్వలేక యాత్ర ముగిసేనాటికి లెక్క 1,300 దాటింది. వాటిలో అతి పెద్దది ఆ ఏడాది మే 4న 4.7 తీవ్రతతో వచ్చింది. గ్రహగర్భం ద్రవరూపంలో ఉందని ఆ తరంగాలే నిర్ధారించాయి. దాని వ్యాసార్ధం 1,830 కిలోమీటర్లని 2021లో అంచనా కట్టారు. గర్భం చుట్టూ కరిగిన శిలాపొర ఉందని 2023లో తేలడంతో ఆ అంకెను సుమారు 1,650కి తగ్గించారు.

1976లోనూ అంగారకుడి నేల కంపిస్తూనే ఉండి ఉంటుంది. మన చెవి నేలకు ఆనలేదు, అంతే. ఈ చరిత్ర రాజకీయ పాఠకుడికి ఎందుకంటే, 2020 సెప్టెంబరులో మన లోక్‌సభలో ఒక ప్రశ్న వచ్చింది: లాక్‌డౌన్‌లో ఇళ్లకు తిరిగి వెళ్తూ మరణించిన వలస కార్మికులెందరు? అలాంటి వివరాలు సేకరించలేదని, కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదని ప్రభుత్వం జవాబిచ్చింది. వైకింగ్ శాస్త్రవేత్తలు గాలినే విన్నామని ఒప్పుకున్నారు. కంపనాలు లేవని తీర్పు చెప్పలేదు. కొలవకపోవడాన్ని లేకపోవడంగా చలామణీ చేసే పాలకులను ఆపాటి నిజాయితీ అడగడం అత్యాశ కాదు.