అభ్యుదయం: ఒక మాట నడచిన దారి

కొత్త భావాలను చెప్పే మాటలన్నీ కొత్తవి కావు. 'అభ్యుదయం' అటువంటిది. పెళ్ళి వంటి శుభకార్యానికి ముందు పితృదేవతలకు జరిపే నాందీశ్రాద్ధానికి ఆభ్యుదయికమని మరో పేరు. ధర్మానికి ఫలాలుగా వైశేషికులు అభ్యుదయాన్నీ నిఃశ్రేయసాన్నీ చెప్పారు. మొదటిది ఐహికమైన మేలనీ, రెండవది మోక్షమనీ సాధారణంగా అర్థం చెపుతారు.

1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత రచయితల సభ జరిగింది. ఆ ఉద్యమానికి హిందీవారూ కన్నడిగులూ 'ప్రగతిశీల' అని, మలయాళీలు 'పురోగమన' అని పేరు పెట్టుకున్నారు. రెండింటి అర్థమూ ముందుకు నడవటమే. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన సమావేశమైన మనవారు 'అభ్యుదయ' అన్నారు. 'ఉదయ' శబ్దంలో ఉన్నది పైకి లేవటం. ముందుకు నడిచేవాడు ఒంటరిగానైనా నడవవచ్చు. లేవవలసినవాడు మాత్రం కిందనున్నవాడు. ఈ భేదం చిన్నది కాదని నా అభిప్రాయం.

అయితే వ్యుత్పత్తి ఒక్కటే మాటను కాపాడదు. రచయిత స్వభావతః ప్రగతిశీలుడేనని, ఆ విశేషణం అదనమని లక్నో సభలోనే ప్రేమ్‌చంద్ అన్నాడు. పేరు పెట్టుకున్నంత మాత్రాన గుణం రాదు గదా!

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో నేడు ఈ మాట సాహిత్య సభలలో కంటె రైతు సభలలో ఎక్కువగా వినబడుతుంది. కొత్త వంగడం వేసినవాడు, చేపల చెరువు తవ్వినవాడు 'అభ్యుదయ రైతు'. అర్థమడిగితే నా విద్యార్థులు ముందుగా చెప్పేదీ ఇదే. ఇక్కడ అభ్యుదయమంటే కొత్త పద్ధతి మాత్రమే. దానివల్ల ఎవరు లేచారన్న ప్రశ్న జారిపోయింది.

ఆ ప్రశ్నకు కొల్లేరే సాక్ష్యం. 1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులిచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని చెరువుకు పెట్టుబడి కావాలి. అది జాలరి దగ్గర లేదు. లీజుల దారిన చాలా చెరువులు డబ్బుగలవారి చేతికి పోయాయి. వలతో స్వతంత్రంగా బతికినవాడు తన పేరనున్న చెరువులోనే కూలివాడయ్యాడు. 1999లో ఐదవ కాంటూరు వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు కొట్టివేశారు. చెరువు తవ్వినపుడూ, గట్టు తెగినపుడూ జాలరి కిందనే ఉన్నాడు.

చేపల పెంపకం చెడ్డదని నా వాదం కాదు. కొత్తదనం అభ్యుదయానికి ఒక లక్షణం, అదొక్కటే చాలదు. కవిత్వానికైనా, చెరువుకైనా ఈ మాట తగిలించేముందు ఎవరు లేచారో, ఎవరి వీపు మీద నిలబడి లేచారో అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ అడిగేవారున్నంతవరకే ఆ మాటకు అర్థముంటుంది.