సహాయ కోచ్ విలువ: అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ఒక కొలత చరిత్ర

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ అని పిలిచేది భారతదేశంలో అదే పేరుతో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, ప్రత్యర్థులను తోసుకుంటూ గజాల లెక్కన ముందుకు సాగే ఆట అది. 1930ల వరకూ ఆ ఆటలో సహాయ కోచ్‌కు విడిగా విలువ కట్టవలసిన అవసరం పెద్దగా రాలేదు. మైదానం నుంచి బయటికి వచ్చిన ఆటగాడు వెంటనే తిరిగి లోపలికి వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకునేవి కావు గనుక అదే పదకొండుగురు దాడీ చేసేవారు, రక్షణా చూసుకునేవారు. వారిని నడపడానికి ప్రధాన కోచ్ ఒక్కరి ఆలోచన చాలేది.

1941లో ఆటగాళ్ల మార్పిడిపై ఆంక్షలు సడలాయి. యుద్ధం వల్ల అనుభవజ్ఞులు కరువై, కుర్రవాళ్లతో నిండిన జట్టుతో 1945లో సైనిక అకాడమీకి చెందిన బలమైన ఆర్మీ జట్టును ఎదుర్కొనవలసి వచ్చిన మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్, ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని, దాడికి ఒక దళాన్నీ రక్షణకు మరో దళాన్నీ దించారు. 28-7 తేడాతో ఆయన ఓడిపోయినా పద్ధతి మాత్రం నిలిచింది. గెలిచిన ఆర్మీయే దాన్ని అందిపుచ్చుకుంది. 1953లో నిబంధనలను మళ్లీ బిగించినా 1965 నాటికి రెండు దళాలూ తిరిగి వచ్చాయి. పని రెండుగా చీలడంతో ఒక్కో దళం బాధ్యతను పూర్తిగా మోసే సమన్వయకర్త, అంటే కోఆర్డినేటర్, అనే సహాయ కోచ్ అనివార్యమయ్యాడు.

విలువ అలా పుట్టినా, దానికి తగిన ధర పలకడానికి టెలివిజన్ డబ్బు కావలసి వచ్చింది. కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ సంస్థకు ఫుట్‌బాల్ ప్రసారాలపై ఉన్న గుత్తాధిపత్యాన్ని 1984లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేశాక పోటీ పెరిగింది, దానితో జీతాలూ పెరిగాయి. 2009లో టెనెసీ విశ్వవిద్యాలయం రక్షణ సమన్వయకర్త మాంటీ కిఫిన్‌కు ఏడాదికి 12 లక్షల డాలర్లు ఇచ్చింది. 2018లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్‌ఎస్‌యూ)లో అదే పదవిలో ఉన్న డేవ్ అరాండా జీతం 25 లక్షల డాలర్లకు చేరింది.

ఇంత ధర పెట్టేవారు దేన్ని చూసి పెడుతున్నారన్నదే అసలు చిక్కు. సాధారణంగా చూసేది ఒక్కో ఆటలో రక్షణ దళం ఇచ్చిన పాయింట్లనే, కానీ ఈ లెక్క న్యాయమైనది కాదు. 90 ఎత్తుగడలను ఎదుర్కొని 27 పాయింట్లు ఇచ్చిన దళం, 60 ఎత్తుగడలకే 21 పాయింట్లు ఇచ్చిన దళం కన్నా నిజానికి మెరుగ్గా ఆడినట్టే. పట్టికలో మాత్రం రెండోదే పైన కనిపిస్తుంది.

2019 నాటి ఎల్‌ఎస్‌యూ జట్టు ఇంతకన్నా కఠినమైన పరీక్ష పెడుతుంది. పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 2018లో 16 మాత్రమే వేసిన క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపే ఆటగాడు, జో బరో, పాసింగ్ వ్యూహాల బాధ్యతను సహాయ కోచ్ జో బ్రేడీ తీసుకున్న 2019లో 60 వేశాడు. జట్టు 15 ఆటలూ గెలిచింది. అయితే దాడి సమన్వయకర్తగా స్టీవ్ ఎన్స్‌మింగర్ రెండేళ్లూ అక్కడే ఉన్నారు. బరో, బ్రేడీ ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోయాక 2020లో జట్టు అయిదు గెలిచి అయిదు ఓడింది కాబట్టి, ఆ ఘనతలో ఎవరి వాటా ఎంతో ఏ గణాంకమూ విడదీయలేదు.

బ్రేడీకి 2019లో దక్కిన బ్రాయిల్స్ అవార్డు, దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌కు 1996 నుంచి ఇస్తున్న గౌరవం. అది ఆర్కాన్సా ప్రధాన కోచ్‌గా పనిచేసిన ఫ్రాంక్ బ్రాయిల్స్ పేరు మీద ఉండడం ఎంతో సముచితం. ఆయన వద్ద సహాయకులుగా పనిచేసినవారిలో జానీ మేజర్స్ 1976లో పిట్స్‌బర్గ్‌కు జాతీయ టైటిల్ తెచ్చారు, జో గిబ్స్ వృత్తి లీగ్‌లో వాషింగ్టన్ జట్టుకు మూడు సూపర్ బౌల్ టైటిళ్లు గెలిచిపెట్టారు, బ్యారీ స్విట్జర్, జిమ్మీ జాన్సన్ కళాశాల స్థాయిలోనూ వృత్తి స్థాయిలోనూ విజేతలయ్యారు. ఒక ఏడాది పట్టికను చూసి కట్టే ధర కన్నా, ఇలా పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచాక తేలే విలువే నమ్మదగినది. విశ్వవిద్యాలయాలు మాత్రం అంతకాలం ఆగకుండానే ఒప్పందాలపై సంతకాలు చేస్తున్నాయి.