వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యం (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

వయసు పైబడ్డాక జ్ఞాపకశక్తి, ఆలోచన సన్నగిల్లకుండా తోడ్పడే సహజమైన అలవాట్ల గురించిన వ్యాసం ఇది.

తెలుగునాట ఈ విషయంలో పేరొందిన పరిశోధన హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. మహబూబాబాద్ తండాలకు ఇది విలువైన సంగతి. ఇంట్లో గోర్‌బోలి, అంగట్లో తెలుగు మాట్లాడే లంబాడీ అవ్వకు బడి చదువు లేకున్నా మెదడుకు రోజూ కసరత్తే. మనవలు ఆమెతో గోర్‌బోలిలోనే మాట్లాడాలి.

జనగామ ప్రాంతం ఒగ్గుకథకు పేరుమోసింది. ఒగ్గుకథ కళాకారుడు, మాణిక్యపురం చుక్క సత్తయ్య ఇక్కడివారే. కథ, పాట, అడుగు కలిసే ఇలాంటి కళలు, బతుకమ్మ, కోలాటం, భజన పెద్దవారిని కదిలిస్తాయి, నలుగురిలో ఉంచుతాయి.

14 ముప్పు కారణాలను తొలగిస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. అధిక రక్తపోటు, షుగర్, పొగతాగడం, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. ఊళ్లలో ఎవరూ పట్టించుకోని మరో కారణం వినికిడి లోపం. "తాతకు చెవులు వినపడవు" అని అరుగు మీద వదిలేస్తే ఆయనతో మాటలే ఆగిపోతాయి. వినికిడి పరికరం పెట్టించడం ఇంటివారి బాధ్యత.

జొన్నరొట్టె, పప్పు, తోటకూర మంచివే, పచ్చళ్లలో ఉప్పే తగ్గాలి. జ్ఞాపకశక్తి కోసం సరస్వతి ఆకు తింటున్నామని బీపీ మాత్రలు మానకూడదు. బి12 లోపం, థైరాయిడ్ సమస్య వల్ల కూడా మతిమరుపు రావచ్చు. రక్తపరీక్షలో తేలితే చికిత్స ఉంది.