సేవ ఎవరికి, వకాల్తా ఎవరిది: హౌరా బస్తీల్లోనూ తెలుగునాటా కథోలిక సంస్థలు

కథోలిక సేవాసంస్థలు పేదల తరఫున ప్రభుత్వంతో ఎంత గట్టిగా మాట్లాడతాయన్నది వాటి దగ్గరున్న డబ్బును బట్టి గానీ, వాటిని నడిపేవారి ధైర్యాన్ని బట్టి గానీ తేలే విషయం కాదు. సేవ అందుకునేవారు శ్రీసభలో (కథోలిక చర్చిలో) సభ్యులా, బయటివారా అన్నదే దాన్ని ఎక్కువగా తేలుస్తుంది. హౌరాలోని టికియాపారా, పిల్ఖానా బస్తీలను తెలుగు మేత్రాసనాల (డయోసీసుల) పక్కన పెట్టి చూస్తే ఈ తేడా బయటపడుతుంది.

విజయవాడ, విశాఖపట్నం మీదుగా హౌరా వెళ్లే రైళ్లు ఖరగ్‌పూర్ దాటాక సాంత్రాగాఛి, దాస్‌నగర్‌ల మీదుగా సాగుతాయి. హౌరాకు ముందు వచ్చే చివరి చిన్న స్టేషను టికియాపారా. పట్టాల పక్కన రైల్వే షెడ్డు, ఆవల బెలిలియస్ రోడ్డు, ఆ చుట్టుపక్కల లేతు మిషన్ల మీద ఇనుప విడిభాగాలు తయారుచేసే చిన్న కార్ఖానాలు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న బస్తీల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. హౌరా స్టేషనుకు ఉత్తరాన ఉన్న పిల్ఖానాలో కూడా ముస్లింలూ హిందువులే దాదాపు అందరూ. ఈ ప్రాంతమంతా కలకత్తా అగ్రపీఠం పరిధిలోదే అయినా, బస్తీలో కథోలికుల సంఖ్య లెక్కలోకి వచ్చేది కాదు.

ఈ పేదరికానికి మూలం కూలి రేట్లలో ఎంత ఉందో నేల హక్కులోనూ అంతే ఉంది. కలకత్తా, హౌరా బస్తీల్లో నేల ఒకరిది, దాన్ని లీజుకు తీసుకుని గుడిసెలు వేసిన ఠికా కౌలుదారు మరొకరు, ఆ గుడిసెలో గది అద్దెకు తీసుకున్నవారు ఇంకొకరు. బతుకు ఈడ్చేది మూడో మెట్టు మీదివారు. 1949 నాటి ఠికా చట్టం రెండో మెట్టువారికి కొంత రక్షణ ఇచ్చింది. 1981లో వామపక్ష ప్రభుత్వం తెచ్చిన చట్టం ఆ నేలలను రాష్ట్రం అధీనంలోకి తీసుకుని, ఠికా కౌలుదారును నేరుగా ప్రభుత్వం కింద ఉంచింది. దానికి ముందే, 1970లో ఏర్పడిన మహానగర అభివృద్ధి సంస్థ బస్తీలను కూల్చడం మాని, వాటిలోనే కుళాయిలు, మరుగుదొడ్లు, వీధి దీపాలు, గట్టి బాటలు వేసే పనికి పూనుకుంది. బస్తీ జీవితాన్ని మార్చిన విధాన నిర్ణయాల్లో ముఖ్యమైనవి ఇవి. వీటిని రాజకీయ ఉద్యమాలూ, పట్టణ ప్రణాళికా నిపుణులూ, ప్రభుత్వమూ నడిపాయి. వీటిలో కథోలిక సంస్థల పాత్ర స్వల్పం. ఈ సంగతి ఒప్పుకోకుండా హౌరా సేవా చరిత్ర రాస్తే అది భక్తి సాహిత్యం అవుతుంది.

అయితే ఆ సంస్థలు చేసింది తక్కువేమీ కాదు. 1860లో ఫ్రాన్సులోని లియోన్‌లో ఆంత్వాన్ షెవ్రియే స్థాపించిన ప్రాదో గురువుల సమాజం పేదల మధ్య పేదలుగా బతకడాన్ని నియమంగా పెట్టుకుంది. ఆ సమాజానికి చెందిన ఫ్రాన్స్వా లాబోర్డ్ (1927-2020) 1960ల నడుమ పిల్ఖానాలో నివాసం ఏర్పరచుకున్నారు. అక్కడ రూపుకట్టిన సేవా సంఘ్ సమితి స్థానికులతోనే నడిచింది. హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ కలిసి వైద్యం, చదువు, పిల్లల పోషణ చూసుకునే ఏర్పాటు అది. 1976లో లాబోర్డ్ వికలాంగ పిల్లల కోసం హౌరా సౌత్ పాయింట్ ప్రారంభించారు. 1970ల ఆరంభంలో వచ్చిన స్విస్ నర్సు గాస్తోన్ గ్రాంజాన్ భారత పౌరసత్వం తీసుకుని గాస్తోన్ దయానంద్‌గా స్థిరపడి, తర్వాత హౌరా జిల్లా గ్రామాలకు తన పనిని విస్తరించారు. డొమినిక్ లాపియెర్ 1985లో రాసిన ‘సిటీ ఆఫ్ జాయ్’ నవల పిల్ఖానాకు ప్రపంచ ప్రచారం తెచ్చింది. పుస్తకం సంపాదనలో కొంత అక్కడి సేవకే వెళ్లింది. నగరాన్ని దారిద్ర్యానికి గుర్తుగా చూపారన్న కోపం కూడా బెంగాల్లో బలంగానే వచ్చింది. 1992లో విడుదలైన సినిమా చిత్రీకరణ సమయంలో నిరసనలు జరిగాయి.

శ్రీసభ బోధన చూస్తే ఇంతకంటే ఎక్కువే ఆశించాలి. 1891లో పదమూడో లియో పోపు కార్మికుల వేతనాన్ని న్యాయ సమస్యగా చూశారు. 1967లో ఆరో పౌలు దేశాల మధ్య అసమానతను ఎత్తిచూపారు. 1971 రోము సినడు న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో భాగమేనని తేల్చింది. 2005లో పదహారో బెనెడిక్టు కాస్త వెనక్కి లాగి, న్యాయమైన వ్యవస్థను కట్టడం ప్రధానంగా రాజ్యం పని అనీ, శ్రీసభ దాని స్థానంలోకి రాకూడదనీ, అలాగని పక్కన నిలబడి చూడకూడదనీ గీత గీశారు. హౌరాలో ఆచరణ ఆ గీత పుట్టకముందే దానికి లోపల ఉంది.

కారణం మొదట చెప్పిందే. ముస్లిం బస్తీలో విదేశీ గురువు నేల హక్కు కోసం ఊరేగింపు తీస్తే, అది మతమార్పిడి అనుమానానికో, విదేశీ జోక్యం నిందకో దారితీస్తుంది. కాబట్టి సంస్థను స్థానికుల చేతికివ్వడమే అక్కడ దొరికిన రాజకీయం. టికియాపారాలో నేడు పేరున్న సమారిటన్ హెల్ప్ మిషన్‌ను అసలు ఒక ముస్లిం విద్యావంతుడు మొదలుపెట్టాడు. సువార్తలోని సమరీయుని పేరు మాత్రం దానికి నిలిచింది.

చట్టం కూడా నోటికి తాళం వేసింది. విదేశీ విరాళాల చట్టం కింద, బంద్, హర్తాళ్, రాస్తారోకో వంటి పద్ధతులతో ప్రజా ప్రయోజనాలకు మద్దతిచ్చే సంస్థను ‘రాజకీయ స్వభావం గలది’గా ప్రకటించే వీలు 2011 నిబంధనలు ఇచ్చాయి. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను, క్రియాశీల రాజకీయాలతో సంబంధం ఉన్న సంస్థలకే పరిమితం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బు మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. పెద్ద సంస్థ నీడలో బతికే చిన్న బస్తీ సంఘాలకు ఇది గట్టి దెబ్బ. 2021 డిసెంబరు 25న మదర్ తెరెసా సంస్థ మిషనరీస్ ఆఫ్ చారిటీ రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను కేంద్రం తిరస్కరించి, రెండు వారాలు తిరక్కుండానే ఇచ్చేసింది. ప్రభుత్వ విధానాలతో తలపడే అలవాటు అంతగా లేని సంస్థకే అలా జరిగితే, అలవాటున్నవాళ్లు ఏం నేర్చుకుంటారో ఊహించవచ్చు.

కలకత్తా జెసూట్ల ఉదయని సంస్థ దీనికి ఒక మినహాయింపు. బెంగాల్ గ్రామాల్లో ఉపాధి హామీ, ఆహార హక్కు, సమాచార హక్కు మీద అది పనిచేసింది. ఆ చట్టాలు ప్రతి పౌరుడి చేతికీ ఒక దరఖాస్తు ఇచ్చాయి కాబట్టి శ్రీసభ తన పేరుతో అడగాల్సిన అవసరం లేకపోయింది.

తెలుగునాట లెక్క వేరు. ఇక్కడి కథోలికుల్లో పెద్ద భాగం దళితులే. వారి పేదరికం మీద మాట్లాడడమంటే శ్రీసభ తన ఇంటి సంగతి మాట్లాడడమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు గానీ క్రైస్తవులను బయటే ఉంచారు. దీని ధర ఎంత చిన్న వస్తువుల్లో తేలుతుందో 1985 నాటి సూసై కేసు చూపుతుంది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే క్రైస్తవుడికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు దక్కలేదు. పాత కులపు వివక్ష కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతున్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు అంది.

ఆంధ్రప్రదేశ్ ఈ ఖాళీని సగం పూడ్చింది. ఎస్సీల నుంచి మారిన క్రైస్తవులకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్, 1977 ఆగస్టు నాటి జీవో 341 ద్వారా చట్టం తప్పనిసరి చేయని రాయితీలు వచ్చాయి. 2009 ఆగస్టులోనూ, మళ్లీ 2023 మార్చిలోనూ శాసనసభ పూర్తి హోదా కోరుతూ తీర్మానాలు చేసింది. వీటి వెనుక అన్ని సంఘాల క్రైస్తవుల దీర్ఘకాలపు ఒత్తిడి ఉంది. దేశస్థాయిలో కథోలిక పీఠాధిపతుల సమాఖ్య ఆ 1950 ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10ని ఏటా నిరసన దినంగా పాటించమంటుంది. మదర్ తెరెసా 1995 నవంబరులో ఢిల్లీలో ఈ డిమాండు కోసం జరిగిన కార్యక్రమానికి హాజరై, దుమారం రేగాక తాను ప్రార్థనకే వచ్చానని చెప్పుకోవలసి వచ్చింది. కలకత్తా తరహా సేవ, తెలుగు-తమిళ తరహా వకాల్తా ఒకే వేదిక మీద కలిసి ఇబ్బంది పడిన సందర్భం అది.

ఇంటి సంగతి మాట్లాడేవారికి ఇంటి లోపలి తప్పూ అడ్డొస్తుంది. కోర్టు అడిగిన రుజువు, అంటే క్రైస్తవంలో కులవివక్ష, చూపాలంటే శ్రీసభ తన మీద తానే సాక్ష్యం చెప్పాలి. 2016లో పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం ఆ వివక్షను ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆ అక్టోబరులోనే కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి, మతం మారిన దళితుల స్థితిని పరిశీలించమంది. రెండేళ్ల గడువుతో మొదలైన ఆ కమిషన్‌కు తర్వాత పొడిగింపు ఇవ్వాల్సి వచ్చింది.