అపశ్రుతికి ఆర్షత్వం

ఋషితుల్యుల వాక్కులోని వ్యాకరణదోషాన్ని ఆర్షప్రయోగమని మన్నించాలని విద్యార్థులకు చెప్పేవాడిని. గిటారు చరిత్రలోనూ అట్టి ఉదంతం ఒకటున్నది.

1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని నాష్‌విల్‌లో ముద్రిస్తుండగా మిక్సింగు యంత్రంలో ట్రాన్స్‌ఫార్మర్ చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు నాదం బొంగురుపోయింది. దానిని చెరపక అట్లే ఉంచారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్‌తో కలిసి ఆ బొంగురుతనాన్ని ట్రాన్సిస్టర్లతో పునఃసృష్టించారు. గిబ్సన్ కంపెనీ 1962లో దానిని ‘మాస్ట్రో ఫజ్‌టోన్’ పేరిట, కాలితో నొక్కే పెట్టెగా విపణిలో ప్రవేశపెట్టింది. దుకాణదారుల తొలి ఉత్సాహం త్వరలోనే చల్లారింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటలో వాడిన పిమ్మట సరకు హారతి కర్పూరమైంది.

దోషాన్ని తుడిచివేయక చెవియొగ్గి విన్నవారి వివేకమే ఒక పరిశ్రమకు పునాది వేసిందని నా అభిప్రాయం.