చాందా ఇనుము, గాసునూనె డబ్బా

బియ్యానికో పప్పుకో ఒక్క రేకు డబ్బా అయినా లేని ఇల్లు మన దగ్గర అరుదు. అంత మామూలు వస్తువుకు చరిత్ర ఏముంటుంది అనుకుంటాం. కానీ ఉంది. అందులో మన పాత జిల్లా పేరు కూడా ఉంది.

1810లో ఫ్రాన్స్‌లో నికొలా అప్పేర్ అనే వంటవాడు, ఆహారాన్ని గాజు సీసాల్లో గట్టిగా మూసి వేడిచేస్తే చాలాకాలం పాడుకాదని చూపించి 12,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. సీసాలు పగిలిపోతాయి కదా! అదే సంవత్సరం ఇంగ్లండ్‌లో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాలను కూడా చేర్చి పేటెంట్ తీసుకున్నాడు. 1813 నాటికి బ్రయన్ డాంకిన్ ఫ్యాక్టరీ సైన్యానికి డబ్బాల్లో మాంసం పంపింది. అప్పట్లో వాటిని సుత్తి, ఉలి పెట్టి తెరిచేవాళ్లు.

ఒట్టి ఇనుప రేకు తుప్పు పడుతుంది. అందుకే దానిమీద తగరం పూత వేస్తారు. మన ఇత్తడి గిన్నెలకు వేసే కళాయి కూడా తగరమే. అంటే డబ్బా రేకు అనేది ఫ్యాక్టరీలో కళాయి వేసిన ఇనుమన్నమాట.

డబ్బా చేసే పద్ధతి ఇది. కాలిన ఇనుమును రోలర్ల మధ్య రొట్టె ఒత్తినట్టు పలచగా ఒత్తుతారు. యాసిడ్‌తో కడిగి తగరం పూత పూస్తారు. రేకును కొలతకు కత్తిరించి గుండ్రంగానో చదరంగానో వంచి, పక్క అంచులు ఒకదాన్లో ఒకటి మడిచి అతుకుతారు. మూత, అడుగు ప్రెస్సులో అచ్చు మీద కొడతారు. చివరికి మూత అంచును, డబ్బా అంచును కలిపి రెండు మడతలు వేసి నొక్కుతారు. కూల్‌డ్రింక్ డబ్బాకు పక్క అతుకే ఉండదు. గుండ్రటి బిళ్లను అచ్చులోకి నొక్కి గిన్నెలాగ చేసి, దాని గోడల్ని పైకి సాగదీస్తారు.

ఇప్పుడు మన సంగతి. సిరోంచ మొదట ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 1874లో ఆ జిల్లాను తీసేసి మనల్ని చాందాలో కలిపారు. 1882లో జంషెడ్‌జీ టాటా ఒక నివేదిక చదివాడు. చాందా జిల్లాలో లోహారా దగ్గర మంచి ఇనుప రాయి ఉందని ఒక జర్మన్ నిపుణుడు అందులో రాశాడు. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టాలనే ఆయన కోరిక అక్కడే గట్టిపడింది. కానీ దగ్గర్లోని వరోరా బొగ్గు ఆ పనికి పనికిరాలేదు. చివరికి ఆయన చనిపోయాక ఫ్యాక్టరీ ఇప్పటి జంషెడ్‌పూర్‌లో వచ్చింది. 1912లో మొదటి ఉక్కు తీశారు.

దాని పక్కనే గోల్మురిలో 1920లో టిన్‌ప్లేట్ కంపెనీ పుట్టింది. అందులో టాటాలతోపాటు బర్మా ఆయిల్ కంపెనీ ఉంది, ఎందుకంటే గాసునూనె అమ్మడానికి డబ్బాలు కావాలి. 1922 చివర్లో రేకు తయారీ మొదలైంది. కొలిమి వేడిలో ఆ పని చాలా కష్టం. 1929లో అక్కడి కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. మన చేతికొచ్చే డబ్బాలో వాళ్ల చెమట కూడా ఉంది.

నాలుగు గ్యాలన్ల ఆ చదరపు డబ్బా దేశంలో ప్రతి మూలకూ వెళ్లింది. నూనె అయిపోయినా డబ్బా అయిపోలేదు. కర్ర అడ్డంగా బిగించి నీళ్లు మోశారు, గింజలు పోసుకున్నారు. రేకు పనివాళ్లు దాన్ని విప్పి గరాటు, చాట, బుడ్డి దీపం చేశారు. చెయ్యి కోసుకోకుండా అంచు మడవడం, లోపల తీగ పెట్టి గట్టిచేయడం, మాటు వేయడం వాళ్లకు బడి నేర్పలేదు. ఫ్యాక్టరీ మెషిన్ వేసే మడతనే వాళ్లు చిన్న సుత్తితో వేశారు. ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చి ఆ సుత్తి చప్పుడు తగ్గిపోయింది.

1982లో చాందా నుండి విడిపోయి గడ్చిరోలి జిల్లా అయ్యింది. ఈ జిల్లాలోని సూర్జాగడ్ గుట్టల్లో ఇప్పుడు ఇనుప రాయి తవ్వుతున్నారు. ఆ గుట్ట మాడియా గోండుల ఠాకూర్‌దేవ్ ఉన్న చోటు కూడా. లారీల్లో రాయి వెళ్లిపోయి, ఎక్కడో డబ్బా అయి, ధర కట్టుకుని మళ్లీ మన అంగడికి వస్తే మనకు మిగిలేది ఏమిటి? గుట్ట ఎవరిదో వాళ్ల మాట వినాలి. రాయితోపాటు పని, చదువు కూడా ఇక్కడి పిల్లలకు దక్కాలి. టాటా పేరు పుస్తకాల్లో ఉంది. మన రేకు పనివాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే వాళ్ల పని గురించి అడిగి రాసిపెట్టడం మనం చేయగలిగిన పని.