కప్పగుండెకు పంపునీళ్ళు



ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో పట్టుకుని మరీ నీరసించిపోతే ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తారు. ఆ సీసాల్లో ఒకరకం మీద "రింగర్ లాక్టేట్" అని రాసి ఉంటుంది. నర్సులు పొట్టిగా "ఆర్.ఎల్." అంటారు. అందులో లాక్టేటు 1930ల్లో అమెరికాలో హార్ట్‌మన్ అనే పిల్లల డాక్టరు చేర్చినది. రింగర్ మాత్రం మందుపేరు కాదు, మనిషి పేరు. సిడ్నీ రింగర్ లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రి డాక్టరు.

రోగులను చూస్తూనే ఆయన ప్రయోగశాలలో కప్పగుండెల మీద పరిశోధనలు చేసేవాడు. (పాపం కప్పలు! వైద్యశాస్త్రం వాటికి తీర్చుకోలేనంత ఋణపడి ఉంది.) శరీరంలోంచి తీసిన గుండె వట్టి ఉప్పునీళ్ళతో కూడా చాలాసేపు కొట్టుకుంటుందని కనిపెట్టి, 1882లో ఒక శాస్త్రపత్రికలో అచ్చువేయించాడు. ఆ తర్వాత తెలిసింది అసలు సంగతి. ఆ ఉప్పు కలిపింది డిస్టిల్డ్ వాటర్‌లో కాదు, లండన్ పంపునీళ్ళలో! సరే, ఈసారి నిజంగా డిస్టిల్డ్ వాటర్‌తోనే కలిపి చూశాడు. గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది.

ఇంకొకరైతే ఆ మాట పైకి పొక్కనిచ్చేవారు కాదేమో. రింగర్ మర్నాటి ఏడే, 1883లో, అదే పత్రికలో నీళ్ళ కంపెనీ పేరుతో సహా జరిగినదంతా రాశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది అక్కడే.

మరి పంపునీళ్ళలో ఏముంది? సున్నం, అంటే కాల్షియం. కొన్ని ఊళ్ళ నీళ్ళలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు చూడండి, కాచిన గిన్నెకు తెల్లగా పెచ్చు కడుతుంది, ఆ సున్నమే. అది రవ్వంత చేరిస్తే ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంది. అలాగని సున్నం ఒక్కటే వేస్తే గుండె పిడికిలిలా బిగుసుకుని వదలడం ఆలస్యం చేస్తుంది. దానికి విరుగుడుగా చిటికెడు పొటాషియం కావాలి. మూడు లవణాలూ పాళ్ళు కుదిరితేనే పని. వంట చేసేవాళ్ళకి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఎందుకలా అన్నది తేలడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది. ఈసారి స్క్విడ్ అనే సముద్రప్రాణి సాయపడింది. దాని శరీరంలో ఒక నరపుపోగు కుట్టుదారమంత లావుంటుంది. మన నరాల్లో పోగులు కంటికైనా ఆనవు. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఆ పోగులోకి సన్నని తీగ పంపి లోపలి విద్యుత్తు కొలిచారు. వారాలు తిరక్కుండానే యుద్ధం వచ్చిపడింది, పని ఆగిపోయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ అందుకుని 1952లో పూర్తిచేశారు. అప్పటికి కేంబ్రిడ్జిలో కంప్యూటరు ఉన్నా పెద్ద మార్పుల కోసం ఆపి ఉంచడంతో, హక్స్‌లీ ఆ లెక్కలన్నీ చేత్తో పిడి తిప్పే యంత్రం మీద, మనం కాఫీగింజలు మర ఆడించినట్టు, రోజుల తరబడి తిప్పితిప్పి తేల్చాడట.

తేలిందిది. లవణాలు నీళ్ళలో కరిగి విద్యుత్తున్న కణాలవుతాయి, వాటినే అయాన్లంటారు. జీవకణం లోపల పొటాషియం ఎక్కువ, బయటికంటే సుమారు 30 రెట్లు. సోడియం బయట ఎక్కువ. కణం పొరలో దేని తలుపు దానికే ఉంటుంది. కబురు రాగానే సోడియం తలుపులు సెకనులో వెయ్యోవంతు సేపు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది. ఆ వెంటనే పొటాషియం బయటికి పోయి లోపల మళ్ళీ సర్దుకుంటుంది. నరం వెంట ఈ తలుపులు ఒకదాన్ని చూసి ఒకటి తెరుచుకుంటూ పోవడమే కబురు. పన్ను పీకేముందు డాక్టరు ఇచ్చే మత్తు ఇంజక్షను ఈ సోడియం తలుపులనే మూసిపెడుతుంది. గుండెలోనైతే ప్రతి కొట్టుకీ కాల్షియం కూడా తన తలుపులోంచి లోపలికి రావాలి. రింగర్ కప్పగుండెకు కరువైంది అదే.

ఆ ఇద్దరూ తలుపులను చూడలేదు, ఉండితీరాలని లెక్కకట్టారు. 1976లో జర్మనీలో నేహెర్, సాక్‌మన్‌లు కప్ప కండరం మీద సన్నని గాజుగొట్టం ఆనించి, ఒకే ఒక్క తలుపులోంచి పారే విద్యుత్తును కొలిచారు. 1998లో అమెరికాలో మెకినన్ పొటాషియం తలుపు రూపాన్నే పట్టుకున్నాడు. మన జల్లెడలో చిన్నది జారిపోయి పెద్దది నిలుస్తుంది. ఇక్కడ పెద్దదైన పొటాషియం పోతుంది, చిన్నదైన సోడియం నిలిచిపోతుంది! అయాన్లు నీటిని ఒంటికి చుట్టుకుని తిరుగుతాయి. ఆ ఇరుకుదారిలో గోడలు పొటాషియానికి అన్నివైపులా సరిగ్గా ఆనుతాయి కనుక అది నీటిని విడిచి వెళుతుంది. సోడియానికి ఆనవు, అందుకని అది నీటిని వదలదు.

ఇక ఇంటి సంగతి. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపేసేవి మూత్రపిండాలు. అవి బాగా దెబ్బతింటే పొటాషియం రక్తంలోనే పేరుకుని, సోడియం తలుపులు సరిగ్గా తెరుచుకోక గుండె లయ తప్పుతుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే అలాంటి రోగులకు డాక్టర్లు కొబ్బరినీళ్ళు, అరటిపండు తగ్గించమంటారు. కిడ్నీ జబ్బుతో ఇంత కాలంగా బాధపడుతున్న శ్రీకాకుళం ఉద్దానం కొబ్బరితోటల సీమ కావడం ఎంత విడ్డూరం! బీపీకి మంచిదని కొనే "తక్కువ సోడియం" ఉప్పులో సాధారణంగా సోడియానికి బదులు కొంత పొటాషియం క్లోరైడే కలుపుతారు. ఇంట్లో కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్ళుంటే, ఆ పొట్లం వెనక ఏం రాసి ఉందో చూసి, డాక్టరును అడిగాకే కూరలో వేయండి.